పరుగు ఆపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. తొడ కండరం ఇక మాట వినడం లేదనీ, రైల్వే డ్యూటీ అయ్యాక సాయంత్రాలు పిల్లలకి కోచింగ్ ఇస్తాననీ రాశావు. సంతోషం. మొదటి నెల మాత్రం వాళ్లతో కలిసి పరిగెత్తకు. నీ కాళ్లు ఊరుకోవని నాకు తెలుసు. నేనూ పీఈటీగా చేరిన కొత్తలో పిల్లల్ని ఓడించి చూపించి, అదే నేర్పడం అనుకున్నాను. వాళ్లు చప్పట్లు కొట్టారు, నేర్చుకున్నది ఏమీ లేదు.

పి.టి. ఉషనే తీసుకో. 1984 లాస్ ఏంజెలెస్ 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆవిడ 55.42 సెకన్లు, మూడోస్థానంలో నిలిచిన రొమేనియా అమ్మాయి 55.41. ఆ ఒక్క వందో వంతు గురించే ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. నన్నడిగితే ఆ తర్వాతి కథే ఇంకా గొప్పది. 2002లో కేరళలో ఆవిడ పెట్టిన అథ్లెటిక్స్ స్కూల్లో అందరికంటే పేరు తెచ్చుకున్న టింటు లూకా పరిగెత్తింది హర్డిల్స్ కాదు, 800 మీటర్లు. పిల్లలో ఏముందో అది చూసింది ఆవిడ, తన ఈవెంట్‌ని మీద రుద్దలేదు. నువ్వు 100 మీటర్లదానివి కదా, అక్కడే నీకు చిక్కు. ప్రతి పిల్లలోనూ నిన్నే వెతుక్కుంటావు.

టింటు 2010లో 1:59.17తో షైనీ విల్సన్ పేరిట పదిహేనేళ్లుగా ఉన్న జాతీయ రికార్డు చెరిపింది. మరుసటి నెల ఢిల్లీ కామన్వెల్త్ ఫైనల్లో ముందుండి పరిగెత్తి, చివర్లో పతకం పోగొట్టుకుంది. ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రజతం వచ్చేసరికి 2014 అయింది. ఈ నాలుగేళ్లు కోచ్‌కి ఎలా గడిచి ఉంటాయో ఆలోచించు. మన పరుగైతే పన్నెండు సెకన్లలో తేలిపోతుంది. పిల్లది అలా తేలదు, ఆ టెన్షన్ నీకు కొత్త.

ఒక నోట్‌బుక్ పెట్టు. టైమింగ్ ఒక్కటే కాదు, రాత్రి నిద్రపోయిందా, పిక్క నొప్పి అందా, అన్నీ రాయి. రోజూ స్టాప్‌వాచ్ పట్టకు, పిల్లలు నీ మొహం చూసి పరిగెడతారు. స్టార్ట్ దగ్గర కాకుండా వంపు దగ్గర నిలబడు, అలసిపోతున్న పిల్ల భుజాలు అక్కడే బిగుసుకుంటాయి. మట్టి ట్రాకే కాబట్టి చిన్నపిల్లలకి స్పైక్స్ కొనమని తల్లిదండ్రుల్ని తొందరపెట్టకు, ఆ డబ్బుకి గుడ్లు కొననీ. తల్లిదండ్రులంటే గుర్తొచ్చింది, మా స్కూల్లో ఒకాయన కూతురి టైమింగ్ పక్కింటి పిల్లతో పోల్చి, చివరికి ఆటే మాన్పించాడు. నోట్‌బుక్ ఎవరి చేతికీ ఇవ్వకు.

సెలవు దొరికితే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచ్‌లకిచ్చే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చెయ్యి.

ఆదివారం గ్రౌండ్‌కి వస్తాను. నా పాత స్టాప్‌వాచ్ తెస్తాను, బటన్ మాత్రం కాస్త గట్టిగా నొక్కాలి.

మీ సార్