ఎనర్జీ డ్రింకు మీద కెఫీన్ ఎంతో రాస్తారు, కాఫీ పొడి మీద ఎందుకు రాయరు?

ఎనర్జీ డ్రింకు సీసా మీద కెఫీన్ 30 మి.గ్రా. అని ఉంది కాబట్టి అది ఇంట్లో ఫిల్టర్ కాఫీ కంటే నయం కదా అని మీలో ఒకరు అడిగారు. ఆ 30 సీసా మొత్తానికి కాదండీ, 100 మి.లీ.కి. 250 మి.లీ. తాగితే 75 అవుతుంది, అర లీటరు తాగితే 150. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లీటరుకు 300 మి.గ్రా. దాటనివ్వదు. గ్వారానా (కెఫీన్ ఉండే ఒక గింజ) లాంటి వాటి నుంచి వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. అంటే మీ సీసా సరిగ్గా గీత మీదే ఉంది. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు వద్దన్న మాట కూడా అదే సీసా మీద ఉంటుంది, కాకపోతే చీమతలకాయంత అక్షరాల్లో. కూల్ డ్రింకులైతే చాలావాటి మీద "కెఫీన్ ఉంది" అని ఒక్క ముక్క రాసి సరిపెడతారు. కూరలో ఉప్పుంది అన్నట్టే, ఎంతో చెప్పరు.

అసలు గోల కాఫీ పొడితోనే. ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరి (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతం అన్నది రాసి తీరాలి. గింజ ఏ రకమో, అరబికానా రోబస్టానా అన్నది మాత్రం చాలావాటి మీద కనపడదు. చికోరిలో కెఫీన్ ఉండదు. డికాషన్‌కి నలుపు, చిక్కదనం, కాస్త చేదు ఇచ్చేది అదే, మనమేమో దాన్ని చూసి స్ట్రాంగ్ అనేస్తాం. 60-40 పొడి 15 గ్రాములు వేస్తే అందులో కాఫీ 9 గ్రాములే. అరబికా అయితే (కెఫీన్ సుమారు 1.2 శాతం) 108 మి.గ్రా., రోబస్టా అయితే (2.2 శాతం) దాదాపు 200. పిప్పిలో కొంత మిగిలిపోతుంది కాబట్టి గ్లాసులోకి ఇంకాస్త తక్కువే దిగుతుంది. రెండు డికాషన్లకీ రంగు ఒకటే, కెఫీన్‌లో తేడా దాదాపు రెట్టింపు!

యూరప్‌లోనూ ఇదే తంతు. లీటరుకు 150 దాటితే "కెఫీన్ ఎక్కువ" అని రాయాలి, పానీయం పేరులోనే కాఫీ, టీ ఉంటే అక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 300 మి.గ్రా. దాటొద్దంది. 150 మి.లీ. కప్పు లెక్కన డికాషన్ కాఫీలో 80-120, ఇన్‌స్టంట్‌లో 50-65, టీలో 30-65 ఉంటుందని చెప్పింది. పొద్దున రెండు కాఫీలు, మధ్యాహ్నం మీ సీసా, సాయంత్రం టీ అయితే ఆ 300 గీత దాటిపోవచ్చు.

పొడి పట్టించే కొట్లో గింజ పేరు అడగండి. ప్లాంటేషన్ అంటే కడిగిన (పండు గుజ్జు తీసి, నీళ్లతో కడిగి ఎండబెట్టిన) అరబికా. పార్చ్‌మెంట్ అంటే కడిగిన రోబస్టా. ఉత్త చెర్రీ (పండుతోనే ఎండబెట్టినది) అంటే ఏదైనా కావచ్చు, అరబికానా రోబస్టానా అని మళ్లీ అడగాలి. నిద్ర పట్టకపోతే ప్లాంటేషన్‌కి మారండి, చికోరి పాళ్లు అలాగే ఉంచండి. ఇంట్లో రంగు చూసి ఎవరూ పేచీ పెట్టరు.