ద్రవాన్ని బట్టే మూత: డ్రాపర్ సీసాలపై పాఠకుల ప్రశ్నలు

డ్రాపర్ మూతల గురించి విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. చోటు కోసం ప్రశ్నలను కొంత కుదించాం.

ప్రశ్న: మా మహిళా సంఘం కొబ్బరి నూనె, నువ్వుల నూనె కలిపి, ఉసిరి, మందార వేసి తలనూనె కాచి అమ్ముతోంది. 30 మి.లీ. గోధుమరంగు గాజు సీసాలు, నల్ల రబ్బరు డ్రాపర్ మూతలు వాడుతున్నాం. రెండు నెలలకే రబ్బరు ఉబ్బి జిగట పడుతోంది. మూత కింద నుంచి నూనె ఊరి లేబుల్ పాడవుతోంది. ఎండాకాలం మరీ ఎక్కువ. మార్చాల్సింది సీసానా, మూతనా?
— గుణదల, విజయవాడ

జవాబు: చాలామటుకు మూతే. అందులోనూ ముందు రబ్బరు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది సహజ రబ్బరు అయి ఉండాలి. నూనె సహజ రబ్బరులోకి మెల్లగా ఇంకుతుంది. రబ్బరు ఉబ్బుతుంది, బిగువు పోతుంది, వేలితో నొక్కి వదిలితే తిరిగి లేవదు. నూనెలకు నైట్రైల్ రబ్బరు అడగండి. సిలికాన్ కూడా వంటనూనెలకు తట్టుకుంటుంది కానీ దానిలోంచి ఆవిరులు బయటికి పోతాయి. సువాసన కలిపిన నూనె అయితే కొన్నాళ్లకు వాసన తగ్గిపోతుంది. కర్పూరం, యూకలిప్టస్ వంటివి ఎక్కువ పాళ్లలో కలిపితే నైట్రైల్ కూడా ఉబ్బుతుంది.

దుకాణంలో నల్ల రబ్బర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. కంటితో చూసి నైట్రైల్‌ను గుర్తుపట్టలేం. అందుకే బిల్లు మీద 'నైట్రైల్' అని రాయించుకోండి. ఆపైన మీరే పరీక్షించండి. ఐదు రబ్బరు బల్బులను మూతల నుంచి ఊడదీసి, 0.01 గ్రాము వరకు చూపే తూకంలో ఒక్కొక్కటీ తూచి రాసుకోండి. మీ నూనెలోనే పూర్తిగా మునిగేలా వేసి, 40 నుంచి 45 డిగ్రీల వేడి ఉండే చోట 14 రోజులు ఉంచండి. తీసి, బాగా తుడిచి, మళ్లీ తూచండి. బరువు నూటికి ఐదు పాళ్ల కంటే ఎక్కువ పెరిగినా, నొక్కితే మెత్తగా తగిలినా ఆ సరుకు వద్దు. కొత్త లాటు వచ్చిన ప్రతిసారీ ఇది చేయాలి, ఎందుకంటే సరఫరాదారు మారకపోయినా రబ్బరు మారవచ్చు.

నూనె ఊరడం వేరే సంగతి. డ్రాపర్ మూతలో విడిగా వాషర్ ఉండదు. రబ్బరు బల్బు అడుగు అంచే సీసా మూతి మీద నొక్కుకుని వాషర్ పని చేస్తుంది. రబ్బరు మెత్తబడితే ఆ నొక్కుడు పోతుంది. కొత్త మూతకూ కారుతుంటే మెడ కొలత చూడండి. 20/400, 20/410 అన్న అంకెల్లో 20 అంటే మర బయటి వ్యాసం, సుమారుగా మిల్లీమీటర్లలో. 400 అంటే మర ఒక చుట్టు, 410 అంటే ఒకటిన్నర. 400 మెడకు 410 మూత ఎక్కినట్టే ఉంటుంది. కానీ దాని అంచు పొడుగు గనుక రబ్బరు నొక్కుకునే లోపే సీసా భుజానికి తగిలి ఆగిపోతుంది. బిగిసిందనిపిస్తుంది, కారుతుంది. పరీక్ష తేలిక. మూత గట్టిగా బిగించి, గంట ఆగి విప్పి, రబ్బరు అంచు మీద సీసా మూతి ఆనవాలు చూడండి. అది పూర్తి వలయంగా, ఎక్కడా తెగకుండా పడాలి. సగమే పడితే సీసా మూతి సమంగా లేదు. అసలు పడకపోతే మెడ కొలత కుదరలేదు.

20 మి.మీ. మూతకు బిగింపు 1.1 న్యూటన్ మీటర్ల దగ్గర ఉండాలి. కొలిచే పరికరం లేకపోతే చేతితో గట్టిగా బిగించి, మర్నాడు మరోసారి బిగించండి. రబ్బరు ఒక రాత్రిలో కొంత సర్దుకుంటుంది, మూత వదులవుతుంది. ఈ రెండో బిగింపు మానేసినందువల్లే చాలా కారుళ్లు వస్తాయి.

ఇక ఎండ. 25 డిగ్రీల దగ్గర మూసిన సీసా విజయవాడ మే నెలలో 45 డిగ్రీల గోదాములో ఉంటే లోపలి గాలి ఒత్తిడి నూటికి ఏడు పాళ్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మెత్తని రబ్బరు ఉబ్బి, నూనె గాజు గొట్టంలో పైకెక్కి బల్బులోకి చేరుతుంది. నిండుగా నింపితే నూనె వ్యాకోచించడానికి చోటే ఉండదు. నింపేటప్పుడు గొట్టం దిగాక కూడా నూనె మెడ కిందే ఉండాలి. బయటి ఊళ్లకు పార్శిల్ పంపేటప్పుడు మామూలు మూత బిగించి, డ్రాపర్‌ను చిన్న కవరులో విడిగా పెట్టడం అన్నిటికంటే నమ్మకమైన దారి. ఖర్చు కాస్త పెరిగినా వెనక్కి వచ్చే సీసాలు తగ్గుతాయి.

గొట్టం పొడవు మీరే కొలుచుకోండి. సన్నని పుల్లను సీసా అడుగుకు ఆనించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అందులోంచి 3 లేదా 4 మి.మీ. తీసేయండి. గొట్టం మూతి నుంచి కిందికి దిగే పొడవు అదే. అడుగుకు తగిలితే కొస పెచ్చు ఊడుతుంది, పీల్చదు కూడా. మరీ పొట్టిదైతే చివరి నూనె సీసాలోనే మిగిలిపోతుంది. లోపలి వ్యాసం 5 మి.మీ. ఉన్న గొట్టంలో 1 మి.లీ. సుమారు 51 మి.మీ. ఎత్తుకు వస్తుంది. బల్బు పీల్చే పరిమాణం గొట్టం పట్టేదానికంటే తక్కువగా ఉంటే నూనె రబ్బరును తాకదు. ఇది చూసుకోకుండా పెద్ద బల్బు తీసుకుంటే మంచి రబ్బరు కూడా తొందరగా పాడవుతుంది.

మరొక్క మాట. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గొట్టంలో పేరుకుని డ్రాపర్ పనిచేయదు. నువ్వుల నూనె పాలు పెంచడం, కొస రంధ్రం 2 మి.మీ. దాకా ఉన్న గొట్టం తీసుకోవడం దీనికి మందు. తలనూనె తయారుచేసి అమ్మడానికి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు ఉండాలి. ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: కంటి చుక్కల మందు సీసాకు రంధ్రం ఉండదు. ఇంట్లో పిన్నీసుతో పొడుస్తాం. ఒక్కోసారి ధారగా వస్తుంది. ఎందుకు?
— తెనాలి

జవాబు: పిన్నీసు వాడకండి. రంధ్రం లేని సీసాల్లో చాలావాటికి మూత లోపలే చిన్న ముల్లు ఉంటుంది. మూతను కుడివైపుకు చివరిదాకా బిగిస్తే అదే కొసను సరిగ్గా మధ్యలో పొడుస్తుంది. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పక్కకు పోతుంది, అంచు చిరుగుతుంది, చుక్క పెద్దదవుతుంది లేదా ధార కడుతుంది. అంతకంటే ముఖ్యం, పిన్నీసు మీది క్రిములు శుభ్రంగా ఉన్న మందులోకి, అక్కడి నుంచి కంటిలోకి చేరతాయి. కంటి రెప్పల మధ్య 0.03 మి.లీ. మించి నిలవదు, మిగతాది చెంప మీదికి జారిపోతుంది. కాబట్టి పెద్ద చుక్క వల్ల లాభం లేదు. తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి. లేబుల్ మీద వేరే గడువు లేకపోతే నెల తర్వాత పారేయండి.

ప్రశ్న: మాది చిన్న ఇంజక్షన్ మౌల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించే) షాపు. నోటి చుక్కల మందు గాజు సీసాకు ఎల్‌డీపీఈ (మెత్తని పాలిథిన్) ప్లగ్, అంటే సీసా మెడలో దిగే చుక్కల బిరడా, చేయమని ఆర్డరు వచ్చింది. చుక్క 0.05 మి.లీ. ఉండాలన్నారు. ఎనిమిది క్యావిటీల (ఒక్కోదానిలో ఒక ప్లగ్ తయారయ్యే గుంతల) అచ్చులో ఒకదాని నుంచి మి.లీ.కు 17 చుక్కలు వస్తే మరొకదాని నుంచి 23 వస్తున్నాయి. రంధ్రాలన్నీ 0.6 మి.మీ. ఉన్నాయి. తేడా ఎక్కడ?
— ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీరు కొలవాల్సింది రంధ్రం కాదు, చుక్క వేలాడే అంచు. రంధ్రం వేగాన్ని నిర్ణయిస్తుంది. చుక్క పరిమాణాన్ని కొస అంచు వ్యాసం, ద్రవం తలతన్యత (పైపొర బిగువు) నిర్ణయిస్తాయి. 3 మి.మీ. కొస నుంచి వేలాడే నీటి చుక్కను అంచు చుట్టూ ఉన్న తలతన్యత 69 మిల్లీగ్రాముల దాకా మోయగలదు. ఊడేటప్పుడు అందులో సుమారు మూడో వంతు కొసకే అంటుకుని ఉండిపోతుంది. పడేది 48 మి.గ్రా. దగ్గర. 20 చుక్కలు 1 మి.లీ. అన్న పాత లెక్క ఇక్కడిదే. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) చెప్పే డ్రాపర్ కొస బయటి వ్యాసం 3 మి.మీ. అని ఉండటానికీ, నీటి చుక్క 45 నుంచి 55 మి.గ్రా. మధ్య ఉండాలనడానికీ కారణం అదే. పోలియో మందు సీసాకు దానితో వచ్చిన డ్రాపర్‌నే బిగించడం కూడా ఇందుకే. అక్కడ రెండు చుక్కలు కలిసి 0.1 మి.లీ. మోతాదు.

ఎల్‌డీపీఈని నీటి మందు బాగా తడపదు. అందుకని కొస ముఖం బల్లపరుపుగా ఉంటే చుక్క ఒకసారి రంధ్రం అంచున, మరోసారి బయటి అంచున వేలాడుతుంది. రెండు పరిమాణాలు వస్తాయి. రంధ్రాన్ని చివర్లో గరాటులా విప్పి, ఆ గరాటు పెదవిని సన్నగా, పదునుగా ముగించండి. అప్పుడు చుక్కకు నిలబడే చోటు ఒక్కటే. అంచు గుండ్రంగా అరిగితే ద్రవం కొస పక్కలకు ఎగబాకి పెద్ద చుక్క అవుతుంది. పార్టింగ్ లైను (అచ్చు భాగాలు కలిసే గీత) కొస మీదికి వస్తే అక్కడి ఫ్లాష్ (బయటికి పొంగిన పలుచని ప్లాస్టిక్) చుక్కను పక్కకు లాగుతుంది. మీ 17 చుక్కల క్యావిటీలో ముందు ఈ రెండూ భూతద్దంతో చూడండి. 23 వచ్చేదాంట్లో కొసకు ప్లాస్టిక్ పూర్తిగా నిండలేదేమో చూడండి. పార్టింగ్ లైనును కొస నుంచి కిందికి జరపడం అచ్చు పని, ఖర్చు ఉంటుంది. కానీ చేత్తో ఫ్లాష్ కోసుకుంటూ పోతే ఏ రెండు ప్లగ్గులూ ఒకలా ఉండవు.

గాజు సీసాను నొక్కలేం కనుక గాలి లోపలికి వెళ్లే దారి కావాలి. ఆ కాలువ మూసుకుంటే రెండు మూడు చుక్కలకే ఆగిపోతుంది. సీసా తలకిందులుగా ఉన్నప్పుడు గాలి కాలువ లోపలి కొసకూ చుక్క కొసకూ మధ్య ఉన్న ఎత్తే వేగాన్ని నడుపుతుంది. ఎత్తు పెంచితే చుక్కలు త్వరగా పడతాయి. సెకనుకు ఒకటి మించితే చుక్క బరువు నిలకడగా ఉండదు. సగం ఖాళీ అయిన సీసాను అరచేతిలో గట్టిగా పట్టుకుంటే లోపలి గాలి వేడెక్కి చుక్కలు వాటంతటవే పడతాయి. పరీక్ష చేసేవాళ్లు సీసాను అడుగు దగ్గర రెండు వేళ్లతో పట్టుకోవాలి.

పరీక్షలు మంచినీళ్లతో ఆపకండి, అసలు మందుతోనే చేయండి. బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి నిల్వ పదార్థం ఉంటే తలతన్యత తగ్గి చుక్క చిన్నదవుతుంది. నూనె ఆధారిత మందు అయితే అదే కొస నుంచి మి.లీ.కు 40 చుక్కలు దాటతాయి. ప్రతి క్యావిటీ నుంచి పది ప్లగ్గులు తీసి, సీసాను నిలువుగా తలకిందులు చేసి, 20 చుక్కలు తూచి, ఆ బరువును సాంద్రతతోనూ 20తోనూ భాగించండి. చక్కెర పాకం ఉన్న మందుల్లో సాంద్రత లెక్క మరిస్తే ఫలితం బాగా తప్పుతుంది. తర్వాత 45 డిగ్రీల వాలులోనూ అదే చేయండి. వాలులో చుక్క మారుతుంది గనుక ఏ కోణంలో పట్టుకోవాలో లేబుల్ మీద ఉండాలని మీ పార్టీకి చెప్పండి. ప్రతి ప్లగ్ మీద క్యావిటీ నంబరు వేయండి, అది లేకుండా ఈ కొలతలన్నీ దండగ. ప్లగ్ వలయాలను సీసా మెడ లోపలి కొలత కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. లావుతో మొదలుపెట్టి, మెడ కొలత హెచ్చుతగ్గుల్లో రెండు చివర్ల సీసాలకూ పెట్టి చూడండి.

ప్రశ్న: ఏడు నెలల బాబు పారాసిటమాల్ చుక్కల మందు ఫిల్లర్ (మందు పీల్చి వేసే డ్రాపర్) పోయింది. విటమిన్ మందు ఫిల్లర్‌తో వేయవచ్చా? రెండింటి మీదా గీతలున్నాయి.
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఫిల్లర్ గీతలు ఆ మందు గాఢతను దృష్టిలో పెట్టుకుని వేసినవి. కొన్నింటి మీద మి.లీ. అంకె కూడా ఉండదు, వట్టి గీతే ఉంటుంది. మెడికల్ షాపులో సూది లేని 1 మి.లీ. సిరంజి అడగండి, నోటి మందులకు వాడేది. దాని మీద 0.1 మి.లీ. గీతలు స్పష్టంగా ఉంటాయి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. పసిపిల్లల చుక్కల మందులో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా., అంటే 1 మి.లీ.కు 25 మాత్రమే. 5 మి.లీ.కు 250 ఉన్నవీ, 1 మి.లీ.కు 150 ఉన్న చుక్కలూ దొరుకుతాయి. డాక్టరు 60 మి.గ్రా. వేయమంటే 100 గాఢత చుక్కల మందు 0.6 మి.లీ., 125 సిరప్ అయితే 2.4 మి.లీ. సిరప్ లెక్కన చుక్కల మందు వేస్తే నాలుగు రెట్లు పడుతుంది. కాబట్టి డాక్టరును మి.గ్రా., మి.లీ. రెండూ రాయమనండి, సీసా మారిన ప్రతిసారీ గాఢత చదవండి. ఫిల్లర్ బాబు నోటికి తగిలితే కడిగి, పూర్తిగా ఆరాకే సీసాలో పెట్టండి. తడితో పెడితే మందులోకి నీళ్లు, క్రిములు చేరతాయి.

ప్రశ్న: మిరప ఓలియోరెసిన్‌ను (మిరప నుంచి తీసిన చిక్కని సారాన్ని) నూనెలో పలుచన చేసి వంటకు చుక్కల్లో వాడే సీసా తేవాలనుకుంటున్నాం. ఏ డ్రాపర్ బాగుంటుంది?
— గుంటూరు

జవాబు: రబ్బరు బల్బు ఉన్నది ఏదీ వద్దు. బల్బు నొక్కితే కొసన మిగిలిన చుక్క చిమ్ముతుంది. మిరప ఘాటుకు కారణమైన కాప్సైసిన్ కంట్లో పడితే మంట భరించలేరు. గాజు సీసాకు చుక్కల ప్లగ్ పెట్టి, పైన నొక్కి తిప్పితేనే వచ్చే పిల్లల రక్షణ మూత బిగించండి. ఓలియోరెసిన్ చిక్కగా ఉంటుంది గనుక ఎంత పలుచన చేస్తే 1 మి.మీ. రంధ్రం నుంచి చుక్కలుగా దిగుతుందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ప్లగ్గుకు ఆర్డరివ్వండి. చుక్కల కొలత చలికాలపు ఉదయం ఒకసారి, ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి తీయండి. నూనె చిక్కదనం వేడికి బాగా మారుతుంది, ఉదయం దిగని ప్లగ్గే మధ్యాహ్నం ధార కట్టవచ్చు. ప్లగ్ ఎల్‌డీపీఈ అయితే మీ మిశ్రమంలో నెల రోజులు నానబెట్టి, రంగు పట్టిందా, ఉబ్బి మెడలో వదులైందా చూసి ఖాయం చేయండి.