ఎంబీఏనా, ఎంఏ ఎకనామిక్సా?

ప్రశ్న: మా అబ్బాయి బీబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మేనేజీరియల్ ఎకనామిక్స్ అంటే బాగా ఇష్టం. దేశం వేగంగా ఎదుగుతోంది కాబట్టి ఎకనామిక్స్‌కు మంచి రోజులొచ్చాయని, ఎంఏ చేస్తానని అంటున్నాడు. మేము ఎంబీఏ చేయమంటున్నాం. ఏది మేలు?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: దేశం ఎదుగుదలకూ మీ అబ్బాయి ఉద్యోగానికీ నేరుగా ముడిపెట్టకండి. జీడీపీ ఏటా 6 శాతానికి పైగా పెరుగుతున్నా, పనిచేసేవారిలో దాదాపు 45 శాతం మంది ఇంకా వ్యవసాయాన్నే నమ్ముకుని ఉన్నారు. జాతీయోత్పత్తిలో ఆ రంగం వాటా మాత్రం 18 శాతం దరిదాపుల్లోనే ఉంది. అంటే దేశం ఎదిగినంత మాత్రాన ఉద్యోగాలు వాటంతటవే రావు.

అబ్బాయికి అసలు ఏది నచ్చిందో తేల్చడానికి ఒక బిస్కెట్ ప్యాకెట్ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. 5 రూపాయల ప్యాకెట్‌పై ఆ తగ్గింపునంతా ధరలోనే చూపిస్తే 4 రూపాయల 45 పైసలవుతుంది. కిరాణా కొట్టులో మిగతా 55 పైసల చిల్లర ఎవరిస్తారు? పోనీ, ధర అలాగే ఉంచి గ్రాములు పెంచాలా? పెంచితే పిండి, చక్కెర, నూనెల ఖర్చు పెరుగుతుంది గానీ కవరు, రవాణా ఖర్చులు పెద్దగా మారవు. ఈలోగా పోటీ కంపెనీ ఏం చేస్తుంది? డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే అమ్మకాలు ఎంత మారతాయో), ఉపాంత వ్యయం (ఇంకొంచెం ఎక్కువ తయారు చేయడానికయ్యే అదనపు ఖర్చు) అని మీ వాడు పుస్తకంలో చదివింది ఇదే. ఈ లెక్కలు వేయడంలో హుషారు కనిపిస్తే ఎంబీఏ వైపే పంపండి. అయితే డిగ్రీ చేతికి రాగానే వద్దు. ఒకటి రెండేళ్లు సేల్స్‌లోనో కొనుగోళ్ల విభాగంలోనో పనిచేసి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తే చదువు వంటబడుతుంది. ఏదో ఒక కాలేజీలో సీటు దొరికితే చాలనుకుంటే మాత్రం ఆ ఫీజు దండగే.

అలా కాక, పన్ను తగ్గితే ఖజానాకు ఎంత గండి పడుతుంది, జనం చేతిలో మిగిలిన డబ్బు ఖర్చవుతుందా లేక పొదుపులోకి పోతుందా అని అడిగే పిల్లాడైతే ఎంఏ చేయనివ్వండి. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాలకు జరిగే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్‌లలో ఒకదానిలో పీజీ ఉండాలి. మామూలు ఎంబీఏ అందుకు సరిపోదు. అయితే ఎంఏలో కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ గట్టిగా కావాలి, బీబీఏలో అవి పైపైనే చెబుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సీట్లకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. బీబీఏ వాళ్లకు అర్హత ఎలా ఉందో ప్రతి నోటిఫికేషన్‌లో చూసుకోండి. దరఖాస్తు పెట్టే ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చి, గణితం ప్రశ్నల దగ్గర వాడు ఎంతసేపు కూర్చోగలడో గమనించండి.