స్నానాల గది అద్దం అంచులు నల్లబడితే

ప్రశ్న: మా స్నానాల గది అద్దానికి అంచుల వెంబడి నల్లమచ్చలు పాకాయి. ఎంత తుడిచినా పోవడం లేదు. కొత్తది ఎటువంటిది తీసుకోవాలి?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఆ మచ్చలు గాజు మీద లేవమ్మా, వెనుకనున్న వెండి పూతలోకి అంచుల నుంచి తేమ చేరడం వల్ల ఏర్పడినవి కనుక, అద్దం మార్చుకోవడమే మార్గం. ఈసారి 5 మిల్లీమీటర్ల మందం, నునుపుగా పాలిష్ చేసిన అంచులు ఉన్నదీ, రాగి పూత లేనిదీ అడిగి తీసుకోండి. ఆ రకం తేమను మెరుగ్గా తట్టుకుంటుంది. డబ్బు చెల్లించే ముందు అద్దాన్ని తిప్పించి, వెనుక రంగు అంచుల దగ్గర ఎక్కడైనా పెచ్చులూడిందేమో చూడండి.

అయితే, మంచి అద్దం కూడా బిగింపులో పాడవుతుంది. అద్దాన్ని అతికించే సిలికాన్ జిగురులో వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం వెనుక పూతను దెబ్బతీస్తుంది కాబట్టి, ఆ వాసన లేని న్యూట్రల్ సిలికాన్ మాత్రమే వాడమని పనివారికి గట్టిగా చెప్పండి. గోడకూ అద్దానికీ మధ్య గాలి ఆడేలా కొద్దిపాటి సందు ఉండాలి. కింది అంచు వాష్ బేసిన్ గట్టుకు ఆనకూడదు.

మీది బోరు నీరైతే, తుంపరలు ఆరినచోట తెల్లని ఉప్పు మరకలు కడతాయి. వాటికి యాసిడ్ జోలికి వెళ్లకండి. స్నానాలు ముగిశాక మెత్తని పొడి గుడ్డతో, ముఖ్యంగా కింది అంచును, తుడిచి ఉంచండి.