పార్సర్ నచ్చితే కంపైలర్ నచ్చినట్టేనా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ను చిప్ నడపగల కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) డిజైన్ సబ్జెక్టు బాగా నచ్చి, సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషకు, కోడ్‌ను పదాలుగా విడగొట్టే లెక్సర్, ఆ పదాల వాక్యనిర్మాణం పట్టుకునే పార్సర్ రాశాను. ఇదే కెరీర్‌గా తీసుకుంటానంటే సీనియర్లు ‘అందులో ఉద్యోగాలెక్కడ, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ సీనియర్ల మాటలో సగమే నిజం. వెబ్‌తో పోలిస్తే ఈ ఉద్యోగాలు బాగా తక్కువ, ఫ్రెషర్లకు మరీ తక్కువ. అలాగని లేకపోలేదు. చిప్ ఎంత వేగమైనదైనా దానికి తగ్గ కోడ్ తయారుచేసే కంపైలర్ లేకపోతే కొన్నవాడికి ఉపయోగం ఉండదు. అందుకే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా, ఆర్మ్, క్వాల్‌కామ్ లాంటి కంపెనీలు సొంత కంపైలర్ టీములను పెట్టుకుంటాయి. ఏఐ చిప్‌లు వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. వెతికేటప్పుడు ‘కంపైలర్’ అని మాత్రమే కొట్టకండి. టూల్‌చెయిన్, కోడ్ జనరేషన్, రన్‌టైమ్ అనే పేర్లతోనూ ప్రకటనలు వస్తాయి.

నా సందేహమల్లా వేరే. మీకు నచ్చింది కంపైలరా, పార్సరా? సిలబస్‌లో పార్సింగ్‌దే పెద్ద వాటా. చిప్ కంపెనీలోని టీములో మాత్రం మీరు దాని జోలికి వెళ్లే సందర్భాలు అరుదు. అక్కడి పని ఎక్కువగా వేరేవాళ్లు రాసిన లక్షల లైన్ల కోడ్ చదవడం. ‘ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా మార్చడం) పెడితే మా ప్రోగ్రామ్ తప్పు జవాబిస్తోంది’ అని ఒక ఫిర్యాదు వస్తుంది. వేల లైన్ల ఆ ఫైలును, తప్పు పోకుండా, కోసుకుంటూ కోసుకుంటూ పది లైన్లకు తేవాలి. తర్వాత కంపైలర్ కోడ్‌ను మార్చే దశల్లో (వీటినే ‘పాస్’లంటారు) ఏ పాస్ దగ్గర అర్థం మారిపోయిందో పట్టుకోవాలి. తీరా చూస్తే చాలాసార్లు తప్పు కంపైలర్‌ది కాదు, రాసినవాళ్లదే అని తేలుతుంది!

ఒక ప్రయోగం చేసి చూడండి. సీ భాషలో ఇంట్ (పూర్ణసంఖ్య) రకం ఎక్స్ తీసుకుని, ‘ఎక్స్‌కు ఒకటి కలిపితే ఎక్స్ కంటే పెద్దదా’ అని తిరిగిచ్చే ఫంక్షన్ రాయండి. ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో, క్లాంగ్ అనే సీ కంపైలర్‌లో కంపైల్ చేసి, వచ్చిన అసెంబ్లీ (చిప్‌కిచ్చే ఆదేశాలు) చూడండి. కూడికా ఉండదు, పోలికా ఉండదు. నేరుగా ఒకటి, అంటే ‘అవును’ అని ఇచ్చేస్తుంది. సైన్డ్ ఓవర్‌ఫ్లో (రుణ సంఖ్యలు కూడా పట్టే రకంలో విలువ పరిమితి దాటడం) జరిగితే ఏమవ్వాలో సీ ప్రమాణం చెప్పదు కాబట్టి, అది జరగదనే ధీమాతో కంపైలర్ ముందుకెళ్తుంది. ఇప్పుడు ఎక్స్‌ను అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని రకం) చేయండి. 32 బిట్లలో 4294967295 తర్వాత సున్నా రావాలన్నది నియమం కాబట్టి పోలిక మిగులుతుంది. ఈ తేడా చూసి ‘ఇంకా ఇలాంటివి ఏమున్నాయి’ అని రాత్రి కూర్చుని వెతికారా, ఈ దారి మీదే. విసుగొచ్చినా తప్పేం లేదు, ముందే తెలిసినందుకు మంచిదే.

అలా విసుగొచ్చి, పార్సర్ మీద మాత్రం ఇష్టం తగ్గకపోతే ప్రోగ్రామింగ్ టూల్స్ వైపు చూడండి. ఎడిటర్‌లో సూచనలిచ్చే ప్రోగ్రామ్ ఎదుర్కొనేది సగం టైపు చేసిన కోడ్‌ని. బ్రాకెట్ మూయలేదు, పేరు పూర్తి కాలేదు, అయినా కోడ్ నిర్మాణం చూపే అర్థమున్న చెట్టు కట్టాలి, అదీ కనురెప్ప పాటులో. పాఠ్యపుస్తకాలు రెండు పేరాల్లో దాటేసే ‘ఎర్రర్ రికవరీ’ ఇక్కడ అసలు పని. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (ఎడిటర్లూ ఇలాంటి ప్రోగ్రాములూ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి) ప్రకటించాక, ఒక్కో ఎడిటర్‌కూ విడిగా రాయాల్సిన బాధ చాలావరకు తగ్గింది. రస్ట్ భాషకు ఇలాంటి సూచనలిచ్చే రస్ట్-ఎనలైజర్ సోర్స్ చదవండి, నేను చెప్పేది తెలుస్తుంది.

కంపైలరే అనుకుంటే, కంపైలర్లు కట్టడానికి ఉమ్మడి పునాదిగా వాడే ఎల్‌ఎల్‌వీఎంతో మొదలుపెట్టండి. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన ప్రాజెక్టుగా పుట్టిన దాని మీదే ఇవాళ క్లాంగ్, రస్ట్, స్విఫ్ట్ నడుస్తున్నాయి. కాబట్టి ఒకచోట నేర్చింది మూడుచోట్ల పనికొస్తుంది. చిన్న భాష కట్టడం నేర్పే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల కెలైడోస్కోప్ ట్యుటోరియల్ పూర్తిచేసి, గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లకు తగినది) గుర్తున్న బగ్ ఒకటి తీసుకోండి. మీరు పంపిన సవరణను రివ్యూలో నాలుగైదుసార్లు తిప్పి పంపినా కంగారుపడకండి, అక్కడ అది మామూలే. రెజ్యూమెలో సొంత పార్సర్ కంటే ఎల్‌ఎల్‌వీఎంలో విలీనమైన ఒక చిన్న ప్యాచ్‌కే (సవరణకే) ఎక్కువ బరువు. సీ++, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా ఉండాలి. పీజీ చేస్తే కొన్ని తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి కానీ తప్పనిసరి కాదు.

క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం డేటా స్ట్రక్చర్ల సాధన మాత్రం ఆపకండి. మొదటి ఉద్యోగం వేరే విభాగంలో వచ్చినా చేరండి. ప్యాచ్‌లు పంపడానికి ఏ టీములో ఉన్నారన్నది అడ్డు కాదు.