మూల కూర్చోవడం పాత్ర కాదు

ప్రశ్న: అక్కా, కావలిలో మేం ఐదుగురు మిత్రులం ఆదివారాలు మా మేడమీద గదిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. కథ చెప్పి ఆట నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. డ్రాగన్లు విసుగొచ్చి ఈసారి కృష్ణదేవరాయల ఉదయగిరి కోట ముట్టడిని కథగా పెట్టాను. పాత్రలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయని, ఎం.బి.టి.ఐ. (మనుషుల స్వభావాలకి నాలుగేసి అక్షరాల పేర్లు పెట్టే టెస్టు) టైపులు చూసి తయారుచేసుకు రమ్మన్నాను. ఒకడు తన వేగువాడికి ఐ.ఎన్.టి.జె. అని రాసుకొచ్చాడు. అప్పట్నుంచి పాచికలు వేయమంటే వేస్తాడు, మాట్లాడమంటే మాత్రం "నా పాత్ర ఇంట్రోవర్ట్, అంతే" అంటాడు. మిగతావాళ్ళకి చిరాకు. ఈ టైపులు వదిలేయాలా?

జవాబు: వదలొద్దు తమ్ముడూ. మీవాడు నాలుగక్షరాల్లో మొదటిది చదివి పుస్తకం మూసేశాడు.

ఐ అంటే ఇంట్రోవర్ట్. అంటే నోరు లేదని కాదు. నలుగురిలో ఎక్కువసేపు ఉంటే అలిసిపోయి, ఒంటరిగా ఉన్నప్పుడు తేరుకునే మనిషి. చివరి జె. సంగతేంటి? ఏదైనా ముందే తేల్చేసుకోవాలి, అనుకున్నట్టే జరగాలి అనే రకం. అలాంటి వేగువాడు ఊరుకుంటాడా? "ఆ దారిన వద్దు, చస్తారు" అని అందర్నీ విసిగిస్తాడు.

మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో చెప్పిన స్వభావాల సిద్ధాంతం మీద కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కట్టినవే ఈ పదహారు రకాలు. పరిశోధకులకు దీని మీద పెద్ద గురి లేదు. అదే మనిషి కొన్నాళ్ళకి మళ్ళీ టెస్టు రాస్తే వేరే అక్షరాలు రావచ్చు. ఆటకి దానివల్ల నష్టం లేదులే. (పెళ్ళిచూపుల్లో అడగడం మాత్రం మొదలుపెట్టకండి, జాతకాల గోలే చాలు.) 1974లో మీ ఆట మొదటిసారి వచ్చినప్పుడు స్వభావమంటే ధర్మపక్షం, తటస్థం, అరాచకం, ఈ మూడే. ఆ తర్వాత తొమ్మిదయ్యాయి. మనిషి ఏ పక్షమో అవి చెప్తాయి కానీ ఆ పక్షాన ఎందుకున్నాడో చెప్పవు.

ఆ ఎందుకు కోసం నేనైతే ఎన్నియాగ్రామ్ అనే ఇంకో స్వభావాల పద్ధతి పట్టుకుంటాను. అందులో తొమ్మిది రకాలకీ తొమ్మిది భయాలు. మీ వేగువాణ్ణి ఐదో రకం చెయ్యి. తన దగ్గరున్నది చాలదేమో, ఎందుకూ పనికిరానివాణ్ణవుతానేమో అని వాడి భయం. అందుకే తెలిసింది దాచుకుంటాడు. కోట వెనక కొండలో దిగే దారి వాడొక్కడికే తెలుసనుకో. చెప్తే తన విలువ పోతుంది, చెప్పకపోతే మనుషులు పోతారు. ఇప్పుడు వాడి మౌనం వెనక ఏదో ఉందని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుస్తుంది, టెన్షన్ దానంతటదే వస్తుంది.

వాడికి ఎదురుగా ఆరో రకాన్ని కూర్చోబెట్టు. నమ్మకస్తుడే కానీ ప్రతిదానికీ అనుమానం, ఎవరో ఒకరి అండ లేకుండా నిలబడలేడు. మీ కథలోనే అలాంటివాడికి చోటుంది. 1513లో మొదలైన ముట్టడి 1514లో ముగిసి కోట పడ్డాక, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలవారు విజయనగరం తీసుకెళ్ళి గుడి కట్టించారు కదా. ఉదయగిరిలో ఆ విగ్రహానికి పూజ చేసే అర్చకుణ్ణి పాత్రగా ఇవ్వు. కోట ఇంకా పడలేదు, విగ్రహాన్ని బయటికి దాటించాలి, దారి తెలిసినవాడు చెప్పడు. చరిత్రలో విగ్రహం ఎటు పోయిందో మీకు తెలుసు, ఆ పాత్రలకి తెలియదు.

టైపు చూసి పాత్రని ఊహించుకున్నాక, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ మీద టైపు పేరు కొట్టేసి, దాని బదులు దేనికి భయపడతాడో, ఎవరికోసమైతే ఆ భయాన్ని పక్కన పెడతాడో రాయించు. ఆ "ఎవరు" బల్ల దగ్గర కూర్చున్న పాత్రల్లో ఒకరై ఉండాలి. ఊళ్ళో ఉన్న అమ్మ, చనిపోయిన గురువు కుదరదు. వాళ్ళు ఆదివారం ఆటకి రారు. మన అలంకారశాస్త్రంలో ధీరోదాత్తుడు (గంభీరుడు), ధీరోద్ధతుడు (గర్విష్ఠి) అని నాయకుల రకాలున్నాయి, రాజులకీ సేనానులకీ అవి వాడుకో. వేగువాడికి పెద్దగా పనికిరావు.

వచ్చే ఆటలో అర్చకుడి చేత సూటిగా అడిగించు: "నాయనా, దారి ఎటు?" అబద్ధం చెప్పినా సరే, బేరం పెట్టినా సరే, పాత్ర కదిలినట్టే. అప్పటికీ "ఇంట్రోవర్ట్, అంతే" అంటే, ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర వాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని, అసలు ఈ ఆట ఆడాలని ఉందా లేదా అని అడుగు.