స్క్వాడ్రన్ అన్న మాట రాసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవి శ్రీనుకు మావయ్య ఆశీస్సులు.

డిసెంబరు 4న నేవీ డే వార్తలు ఈసారి నువ్వే రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు డెస్కులో కూర్చుని ఇంగ్లీషు ప్రకటనలను తెలుగు చేసినవాణ్ణి కనుక, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిన ఒక మాట గురించి రాస్తున్నాను. ఆ మాట స్క్వాడ్రన్.

దాన్ని చూడగానే ‘దళం’ అని రాసెయ్యకు. నౌకాదళం, వైమానిక దళం అంటూ ఆ మాటను మనం ఇదివరకే పెద్దవాటికి ఖర్చు పెట్టేశాం కాబట్టి, ‘నౌకాదళానికి చెందిన దళం’ అని రాస్తే అది ఎంతటిదో పాఠకుడికి అంతుపట్టదు. పైగా మన మన్యం వైపు దళమంటే జనానికి ముందు తోచే అర్థమే వేరు. ‘పటాలం’ అన్నది కాల్బలానికి నప్పే మాట. విమానాలకూ ఓడలకూ అతకదు. స్క్వాడ్రన్ అనే ఉంచి, పక్క వాక్యంలో అది దేనిదో చెప్పు.

ఎందుకంటే ఈ మాట కొలత చోటునుబట్టి మారుతుంది. వైమానిక దళంలో యుద్ధవిమానాల స్క్వాడ్రన్ అంటే సుమారు 16 నుంచి 18 విమానాలు. సైన్యంలోనైతే ట్యాంకుల రెజిమెంటులో ఒక భాగం, సాధారణంగా 14 ట్యాంకులు, మేజర్ ఆధీనంలో ఉంటాయి. నౌకాదళంలో విమానాలకూ ఓడలకూ కూడా చెల్లుతుంది. కొచ్చిలోని మొదటి శిక్షణ స్క్వాడ్రన్‌లో ఉన్నవి ఓడలే.

స్క్వాడ్రన్ పక్కనుండే అంకె దాని పేరు, లెక్క కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ‘ఐఎన్ఏఎస్ 312’ను (ఐఎన్ఏఎస్ అంటే ఇండియన్ నేవల్ ఎయిర్ స్క్వాడ్రన్) ‘312 విమాన దళాలు’ చేశాను. మర్నాడు పొద్దున్నే, నేవీలో చేసి రిటైరైన మా పక్కింటాయన పేపరు మడిచి పట్టుకొచ్చి, ‘అన్ని దళాలుంటే ఇక మాకు అరక్కోణంలో నిలబడ్డానికి చోటేదండీ’ అన్నాడు. అది అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరంలో ఉండే మూడు వందల పన్నెండో స్క్వాడ్రన్, ఒక్కటే. ఆర్కే బీచిలో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 విమానం దానిదే. రాసే ముందు ఒకసారి వెళ్లి చూడు. ఆ రకం విమానాలు 2017 మార్చిలో విరమించాయి గానీ, స్క్వాడ్రన్ మాత్రం అదే అంకెతో ఇప్పుడు పీ-8ఐ విమానాలు నడుపుతోంది. కాబట్టి ‘స్క్వాడ్రన్ రిటైరైంది’ అని పొరపాటున కూడా రాయకు.

వైమానిక దళపు అతిథి ఎవరైనా వస్తే ఇంకో చిక్కు. స్క్వాడ్రన్ లీడర్ అన్నది హోదా, సైన్యంలో మేజర్‌తో సమానం. స్క్వాడ్రన్‌ను నడిపేది మామూలుగా వింగ్ కమాండరో, గ్రూప్ కెప్టెనో. ‘స్క్వాడ్రన్ నాయకుడు’ అని తెలుగు చేశావంటే ఆయనకు లేని పదవి కట్టబెట్టినట్టే.

కాపీ పంపేముందు అనుమానం వస్తే ఫోన్ చెయ్యి. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య